నీళ్లలో ఉన్నా ఊపిరాడదు!

తెల్లవారి లేచి చూసేసరికి పెరట్లోని కొలనులో ఎర్రమచ్చల కోయి చేప వెల్లకిలా తేలిందనుకోండి. పక్కనే మరో రెండు. మిగతావి నీటి పైకి వచ్చి, నోళ్లు తెరిచి గాలి కోసం అల్లాడుతున్నాయి. గుంటూరు జిల్లా ప్రత్తిపాడులాంటి ఊళ్లో, చుట్టూ పత్తి, మిరప చేలున్న చోట ఎవరికైనా మొదట వచ్చే అనుమానం ఒక్కటే... 'పక్క చేలో మందు కొట్టారేమో!'

కొట్టిపారేయాల్సిన అనుమానమేం కాదు. పురుగుకు వాడే పైరిత్రాయిడ్ మందులు చాలా కొద్ది మోతాదులోనే చేపల ప్రాణం తీస్తాయి. స్ప్రేయరు కడిగిన నీళ్లు కొలనులోకి జారినా చాలు. కానీ చాలాసార్లు తప్పు మందుది కాదు, గాలిది. తేడా పట్టుకోవడానికి గుర్తులున్నాయి. విషానికి వేళాపాళా ఉండదు. గాలి చాలక చేపలు చచ్చేది మాత్రం ఎక్కువగా తెల్లవారుజామునే. అప్పుడు ముందు పోయేవి సాధారణంగా పెద్ద చేపలు. అంటే, ఏళ్ల తరబడి మేపి పిల్లలు పేర్లు పెట్టుకున్నవే!

బంగారుతీగకు చుట్టం

కోయి అంటే జపాన్ నుంచి దిగిన వింత చేప అనుకుంటాం గానీ, అది మన బంగారుతీగకు దగ్గరి చుట్టమే. బొచ్చె, శీలావతితో కలిపి చెరువుల్లో పెంచే ఆ బంగారుతీగ కూడా బయటి నుంచి వచ్చిందే. 1957లో బ్యాంకాక్ రకాన్ని మన దేశానికి తెచ్చారు. జపాన్‌లోని నీగతా ప్రాంతంలో కొండవాలు వరిమళ్ల రైతులు కూర కోసం పెంచుకున్న చేపల్లో ఎక్కడో రంగు తేలితే, దాన్ని తరాలపాటు ఏరి పెంచి తెచ్చిన అందం ఇది. చిటికెన వేలంత పిల్లను కొనుక్కొస్తే కొన్నేళ్లలో రెండడుగులకు పెరగగలదు. ఇంట్లో గాజుతొట్టి అలవాటుతో కొలనుకు గాలిపంపు కొనేవాళ్లు మర్చిపోయేది దీన్నే. లెక్క ఇవాళ్టి పిల్లకు కాదు, రేపటి పెద్దచేపకు వేయాలి.

45 గ్రాములే!

పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతున్న కొలనులో దాదాపు 6,000 లీటర్ల నీరు పడుతుంది. అంత నీటిలో ప్రాణవాయువు ఎంత ఉంటుంది? నీటి వేడి 30 డిగ్రీలైతే లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు మించి నిలవదు. మొత్తం కలిపినా 45 గ్రాములు! ఎండ పెరిగి నీరు 35 డిగ్రీలకు చేరితే లీటరుకు ఏడు మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. విచిత్రమేమిటంటే, నీరు వేడెక్కేకొద్దీ చేపకు కావాల్సిన గాలి పెరుగుతుంది. దొరికేది తగ్గుతుంది.

ఆ 45 గ్రాములూ చేపలకే కాదు. పగలు ఎండలో ప్రాణవాయువు తయారుచేసి ఇచ్చే పచ్చటి పాచి రాత్రయ్యేసరికి తిరిగి తనే పీల్చుకుంటుంది. అడుగున కుళ్లే ఆకు, మిగిలిపోయిన మేత, వ్యర్థాలను తినే బ్యాక్టీరియా... అందరికీ వాటా ఉంది. లీటరుకు అయిదు మిల్లీగ్రాములుంటే చేప హాయిగా ఉంటుంది. మూడుకు దిగిందంటే ఇబ్బంది మొదలైనట్టే. రాత్రంతా ఖర్చే తప్ప జమ ఉండదు కాబట్టి ఖాతా అడుగంటేది సూర్యోదయానికి కాస్త ముందు.

ఇక మనవాళ్లు చేసే పని చూడండి. సాయంత్రం చుట్టాలొస్తే బుడగలు అందంగా ఉంటాయని పంపు వేస్తారు. పడుకోబోయే ముందు 'ఆ చప్పుడేంటి' అని కట్టేస్తారు!

డబ్బా మీద అంకె

కోయి పెంచేవాళ్లు వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. వంద లీటర్ల నీటికి నిమిషానికి ఒక లీటరు గాలి. మన 6,000 లీటర్ల కొలనుకు 60 లీటర్ల పంపు కావాలన్నమాట. చేపలు కిక్కిరిసి ఉన్నా, నీరు పచ్చగా చిక్కబడినా ఇంకాస్త ఎక్కువే చూసుకోవాలి.

అయితే డబ్బా మీద 60 అని ఉంటే కొలను అడుగునా 60 వస్తుందని కాదు. మీటరు లోతు నీటిని తోసుకుని గాలి బయటికి రావాలంటే దాదాపు 0.1 బార్ ఒత్తిడి కావాలి. గొట్టం సన్నగా ఉన్నా, పొడవు ఎక్కువైనా, గాలిరాయి రంధ్రాలు పాచితో పూడినా ఇంకా తగ్గుతుంది. కాబట్టి దుకాణంలో 'మూడున్నర అడుగుల లోతులో ఎంత గాలి ఇస్తుంది?' అని అడగాలి. చిన్న గాజుతొట్టి పంపులు ఆ లోతున చతికిలపడతాయి. 60 లీటర్ల పెద్ద పంపు ఒకటి కొనేకన్నా 30 లీటర్లవి రెండు కొనడం తెలివైన పని. ఒకటి మొరాయించినా రెండోది రాత్రి గడిపేస్తుంది.

బుడగ తనంత తానుగా నీటికిచ్చే ప్రాణవాయువు తక్కువే. అది పైకి లేస్తూ అడుగునీటిని మోసుకొస్తుంది, పైనీటిని కదిలిస్తుంది. అసలు మార్పిడి జరిగేది అక్కడ, నీటి పైపొరలో. రొయ్యల చెరువుల్లో తిరిగే తెడ్డుచక్రాల ఏరేటర్లు చేసేదీ ఇదే... నీటిని ఎగజిమ్మి గాలికి చూపించడం. బోరు నీళ్లతో కొలను నింపేటప్పుడు ఇది మరీ ముఖ్యం. భూగర్భం నుంచి వచ్చే నీటిలో ప్రాణవాయువు చాలా తక్కువగా ఉంటుంది. అందుకే ఎత్తు నుంచి జల్లులా పడేట్టు వదలాలి.

మిరప ఘాటు, పత్తి నూగు

పంపును నీడలో, గాలి ఆడే చోట, నీటిమట్టానికి పైన పెట్టాలి. కిందపెడితే కరెంటు పోయినప్పుడు కొలను నీరు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి చేరుతుంది. పైన పెట్టే వీలు లేకపోతే వెనక్కి రానివ్వని వాల్వు తప్పనిసరి. ఇక్కడ ఇంకో చిక్కుంది. పంపు లోపలికి పీల్చేది ఊరి గాలినే. పత్తి తీసే రోజుల్లో నూగు, మిరప కల్లాల కాలంలో దుమ్ము వడపోత స్పాంజిని పట్టేస్తాయి. ఆ నెలల్లో దాన్ని వారానికోసారి విప్పి చూడటం మంచిది. పక్క చేలో మందు కొడుతుంటే మాత్రం కొలనుకు పట్టా కప్పి, పంపును చేను వైపు కాకుండా ఇంటి వెనక్కి మార్చుకోవాలి. లోపలుండే రబ్బరు పొర అరిగేకొద్దీ గాలి తగ్గుతుంది. బుడగలు బలహీనపడ్డాయంటే స్పాంజి, గాలిరాయి శుభ్రం చేసి, అప్పటికీ మార్పు లేకపోతే ఆ పొరే మార్చాలి.

కరెంటు పోతే?

40 వాట్ల పంపు రోజంతా ఆడితే యూనిట్‌కు కాస్త తక్కువే కాలుతుంది. నెలకు 29 యూనిట్లు. భయమంతా బిల్లు గురించి కాదు, కోత గురించి. 2004 అక్టోబరు 23న నీగతాలో భూకంపం వచ్చినప్పుడు కోయి చేపలకు పేరున్న యమకోషిలో కొలనులు పగిలి, కరెంటు ఆగి పెద్దసంఖ్యలో చేపలు చనిపోయాయి. బతికినవాటిని హెలికాప్టర్లలో తరలించారు. మన దగ్గర భూకంపం బదులు తుపాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపాను మబ్బు రోజుల తరబడి కమ్మితే పాచికి ఎండ దొరకదు, పగలు కూడా ప్రాణవాయువు తయారు కాదు. సరిగ్గా అప్పుడే స్తంభాలు కూలి తీగలు తెగుతాయి. చేపకు పంపు ఎక్కువ అవసరమైన రాత్రే పంపు ఆగుతుందన్నమాట.

ఇంట్లో ఇన్వర్టరుంటే పంపును దానికే కలపండి. ఒక్క ఫ్యాను తినేంత కరెంటు కూడా తీసుకోదు. ఇన్వర్టరు లేకపోతే వాన కబురు విన్న రోజే మేత ఆపేయండి. తిన్న చేపకు గాలి ఎక్కువ కావాలి. కరెంటు పోయాక చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే బకెట్టుతో కొలను నీటినే ముంచి, నడుమెత్తు నుంచి తిరిగి పోస్తూ ఉండాలి. ఇంట్లో ఇద్దరుంటే వంతులు వేసుకోవచ్చు. తెల్లారి ఎండ పొడ తగిలేవరకూ తప్పదు.