రొమ్ములో గడ్డ గట్టిదా, మెత్తనిదా? కొలిచి చెప్పే స్కానింగు

తిరువూరు: మామిడికాయను వేలితో నొక్కి పండిందీ లేనిదీ చెప్పడం మన ప్రాంతంలో పిల్లలకు సైతం తెలిసిన విద్యే. రొమ్ములో గడ్డ ఉందని వెళితే డాక్టర్లు మొదట చేసేదీ దాదాపు అదే. మెత్తగా ఉండి వేలి కింద జారిపోతుంటే మామూలు గడ్డ కావచ్చని, రాయిలా గట్టిగా ఉండి కదలకపోతే అనుమానించాలని వారి అనుభవం. అయితే వేలికి అంకెలు తెలియవు. లోతున ఉన్న చిన్న గడ్డ వేలికి అందదు. ఆ గట్టిదనాన్ని కొలిచి చూపే స్కానింగు ఇప్పుడు పెద్ద ఊళ్లలోని కొన్ని ఆసుపత్రుల్లో ఉంది. దాని పేరు ఎలాస్టోగ్రఫీ. 1991లో అమెరికాలోని హూస్టన్‌లో జొనాథన్ ఓఫిర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ పద్ధతిని ప్రకటించారు.

గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ వంటి యంత్రమే ఇదీను. జెల్లీ రాసి పరికరాన్ని రొమ్ముపై ఆనిస్తారు. కోత లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. ధ్వని తరంగంతో యంత్రం లోపలి కండను అతి స్వల్పంగా నెడుతుంది. ఆ కుదుపు అలలా పక్కలకు పాకుతుంది. బిగించి కట్టిన తాడును ఒక కొసన కొడితే అదురు అవతలి కొసకు చప్పున చేరుతుంది. వదులు తాడులో నిదానంగా పోతుంది. ఇక్కడా అంతే. గట్టి గడ్డలో అల వేగంగా, మెత్తని చోట నెమ్మదిగా నడుస్తుంది. ఆ వేగాన్ని బట్టి గట్టిదనాన్ని కిలోపాస్కల్ అనే కొలతలో చూపుతారు. మరో రకం యంత్రాల్లో మెల్లగా నొక్కి, ఏ భాగం ఎంత అణిగిందో చూస్తారు.

తెర మీద రంగులు కూడా వస్తాయి. వాటిని చూసి ఎవరికి వారు తీర్పు చెప్పుకోరాదు. కొన్ని యంత్రాల్లో గట్టి భాగం ఎర్రగా, మరికొన్నింటిలో నీలంగా కనిపిస్తుంది. ఎర్ర మచ్చను చూసి ఇంటిల్లిపాదీ ఏడుపులు మొదలుపెట్టనక్కరలేదు. పరికరాన్ని అదిమి పట్టుకుంటే మెత్తని చోటు కూడా గట్టిగా కనబడుతుంది. కనుక చేసే చేతికి అనుభవం ఉండాలి.

ఇంతకూ దీనివల్ల ఒరిగేదేమిటి? రొమ్ములో గడ్డలన్నీ క్యాన్సర్ కావు. వయసు పిల్లల్లో వచ్చే ఫైబ్రోఎడినోమా గడ్డలు చాలావరకు హాని లేనివే. అయినా మామూలు స్కానింగులో కొద్దిపాటి అనుమానం తోస్తే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపడం పరిపాటి. అమెరికా, ఐరోపాల్లోని 16 కేంద్రాల్లో 939 గడ్డలను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. మామూలు స్కానింగుకు ఈ కొలతను జతచేస్తే, క్యాన్సర్ కాని గడ్డలను కాదని సరిగా గుర్తించడం నూటికి 61 నుంచి 78కి పెరిగిందని తేలింది. అంటే ఉత్తపుణ్యానికి సూది పొడిపించుకునే వారి సంఖ్య తగ్గుతుందన్నమాట. అనుమానం స్వల్పంగా ఉండి, గట్టిదనం 80 కిలోపాస్కల్‌లకు మించని గడ్డల విషయంలో ఆ పరిశోధకులు ఈ వెసులుబాటు చూపారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ‘మెత్తనిదే అన్నారు, ఇక భయం లేదు’ అని సూది పరీక్ష ఎగవేయడానికి దీన్ని సాకు చేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. క్యాన్సర్లలోనూ మెత్తనివి ఉన్నాయి. జిగురు పదార్థం నిండి ఉండేవి, పాలనాళాలు దాటని తొలిదశవి అలా కనిపించవచ్చు. సున్నం పేరుకున్న పాత గడ్డ, ఆపరేషన్ మచ్చ హాని లేనివైనా గట్టిగా చూపవచ్చు. గడ్డ ఆకారం, అంచులు అనుమానంగా ఉంటే, అంకె ఎంత తక్కువైనా సూది పరీక్ష తప్పదు. సూది పొడిస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న మాట పల్లెల్లో గట్టిగా నాటుకుంది. ఆ భయంతో పరీక్ష మానుకోవడం తగదని వైద్యులు స్పష్టంగా చెబుతున్నారు.

స్కానింగు అనగానే కడుపు సంగతే అనుకుంటారు మన వైపు. పెళ్లికాని పిల్లను స్కానింగుకు తీసుకెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనని తల్లులు వెనకాడడం, ఈలోగా పసరు పట్టు వేయించడం చూస్తున్నదే. నొప్పి లేదు కదా అని ఊరుకునేవారూ ఉన్నారు. రొమ్ము క్యాన్సర్ గడ్డకు మొదట్లో సాధారణంగా నొప్పి ఉండదు. ఆ మాట మగవాళ్లు కూడా వినాలి. బస్సు ఛార్జీలు చేతిలో పెట్టి తోడు వెళ్లవలసింది వాళ్లే మరి.

ఎంత మంచి యంత్రమైనా గడ్డ ఉందని ముందు ఎవరో ఒకరు కనిపెట్టాలి. హైదరాబాద్‌లోని రొమ్ము వ్యాధుల శస్త్రచికిత్స నిపుణులు డాక్టర్ పి.రఘురామ్ తన తల్లి ఉషాలక్ష్మి పేరిట 2007లో ఫౌండేషన్ స్థాపించారు. 2012 నుంచి 2016 వరకు ఉభయ తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఆశా కార్యకర్తలకు తర్ఫీదు ఇప్పించి, చేతితో తడిమి చూసే పరీక్షలు జరిపించారు.

గడ్డ, చనుమొన లోపలికి పోవడం, నెత్తురు కారడం, చర్మం సొట్టపడడం వంటివి కనిపిస్తే ముందు ఏఎన్ఎమ్‌కు గానీ ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ చూపాలి. అక్కడి నుంచి బెజవాడ పంపితే, ఎలాస్టోగ్రఫీ అన్నిచోట్లా ఉండదు గనుక ముందే అడిగి వెళ్లడం మంచిది. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. చికిత్స దాకా వస్తే ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగాలి. వెళ్లేటప్పుడు పాత స్కానింగు ఫిల్ములు, రిపోర్టులు సంచిలో పెట్టుకోవాలి. గడ్డ పెరిగిందా, అలాగే ఉందా అని డాక్టరు పోల్చి చూసేది వాటితోనే.