వార్తల్లో పదం: సమ్మరీ ఆఫ్ బెనిఫిట్స్ అండ్ కవరేజ్

అమెరికాలో 2010 మార్చి 23న చట్టరూపం దాల్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం, ఆరోగ్య బీమా పథకంలో ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో ఉద్యోగికి తేటగా తెలిపేందుకు తప్పనిసరిగా అందించవలసిన సంక్షిప్త పత్రం ఇది. 2012 సెప్టెంబరులో అమలు మొదలైన ఈ నిబంధన మేరకు అది అన్ని పథకాలకూ ఒకే నమూనాలో, 12 పాయింట్లకు తగ్గని అక్షరాలతో, రెండువైపులా ముద్రించిన 4 కాగితాలకు మించకుండా ఉండాలి.

బీమా చెల్లింపు మొదలయ్యేలోపు ఉద్యోగి ఏటా సొంతంగా భరించవలసిన మొత్తమైన డిడక్టిబుల్, వైద్యసేవ పొందినప్పుడల్లా కట్టే స్థిర రుసుమైన కోపే వంటి మాటలకు ప్రామాణిక పదకోశాన్నీ అందుబాటులో ఉంచాలి. అయితే నిర్వచనాలకన్నా ఎక్కువగా ఉపకరించేవి ఇందులోని నమూనా లెక్కలే: కాన్పు, టైప్ 2 మధుమేహం, ఎముక విరగడం అనే సందర్భాల్లో రోగి చేతినుంచి ఎంత పోతుందో డాలర్లలో చూపడం వల్ల, ఈ వ్యవస్థే కొత్తయిన ఉద్యోగికి (అక్కడికి కొత్తగా చేరే తెలుగు ఇంజినీర్లూ ఆ కోవలోని వారే) ఖర్చు అసలు తీరు అర్థమవుతుంది. విచిత్రమేమంటే, పథకాల ఎంపికలో చాలామంది ముందుగా చూసే ప్రీమియం వివరాన్ని విడిగా తెలుసుకోవలసిందే.

ఏడాది మధ్యలో పథకంలో ముఖ్యమైన మార్పు చేస్తే 60 రోజుల ముందే తెలియజేయాలి. కౌంటీ జనాభాలో కనీసం 10 శాతం మంది ఇంగ్లీషు కాని ఒకే భాషను మాత్రమే చదవగలిగినవారైతే, కోరినవారికి ఆ భాషలో అనువాదం ఇవ్వాలి.