అడవి అనగా నేమి?

ఒకనాడు మా తరగతిలో ఇద్దరు విద్యార్థులు వాదులాడుకొన్నారు. "మా ఆదిలాబాదు జిల్లాలో అడవి తగ్గిపోయింది" అని ఉట్నూరు వైపు అబ్బాయి. "లెక్కల్లో తగ్గనే లేదు" అని నిర్మల్ అబ్బాయి. గంట గడచినను, గొంతులు పెరిగినవే గాని సంగతి తేలలేదు. నిజమునకు ఇద్దరిలో ఎవరును అబద్ధమాడలేదు. మొదటివాని దృష్టిలో అడవి యనగా నిలిచియున్న చెట్లు. రెండవవానికి రికార్డులో అడవి అని వ్రాసియున్న భూమి. చెట్లన్నియు కొట్టివేసినను రికార్డులోని ఎకరాలు తరుగవు గదా!

"జిల్లా" అను మాటలోను చిక్కున్నది. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అని నాలుగైనది. నాటి అంకె ప్రక్కన నేటి అంకెను పెట్టినచో, ఒక్క చెట్టైనను కూలకుండనే అడవి మాయమగును.

నిర్వచనమున కుండరాని దోషములను మన తార్కికులు ఏనాడో వివరించినారు. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమునకు తానే వ్రాసిన దీపికలో ఆవును ఉదాహరణగా తీసికొన్నాడు. కపిలవర్ణము గలది ఆవు అన్నచో తెల్లావు బయటపడును, ఇది అవ్యాప్తి. కొమ్ములు గలది ఆవు అన్నచో గేదెయు లోపలికి వచ్చును, ఇది అతివ్యాప్తి. చీలని ఒంటి గిట్ట గలది అన్నచో ఏ ఆవుకును పొసగదు, ఇది అసంభవము.

ఇక అడవిని ఈ గీటురాతిపై పెట్టి చూతము. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహ చిత్రముల సాయముతో అటవీ విస్తీర్ణమును కొలుచును. కనీసము 1 హెక్టారు నేల, అందులో 10 శాతమునకు తగ్గకుండ చెట్ల కొమ్మలు కప్పియుండవలెను. అనగా 10,000 చదరపు మీటర్లలో 1,000 మీటర్లు కప్పిన చాలును. భూమి ఎవరిది, చెట్టు ఏ జాతిది అని అడుగరు. కాబట్టి జగిత్యాల మామిడితోటయు ఇందులో చేరవచ్చును. అడవి జంతువులు తిరుగు గడ్డిమైదానము మాత్రము చేరదు. ఇట్లు అతివ్యాప్తి, అవ్యాప్తి రెండును ఉన్నవి. అయినను దీనిని తప్పుపట్టుట న్యాయము కాదని నా అభిప్రాయము. ఆ సంస్థ కొలువదలచినది చెట్ల కప్పునే, కొలిచినది దానినే. ఆ అంకెను చూపి "పులికి చోటు పెరిగినది" అనువాడు మాత్రము పొరబడుచున్నాడు.

న్యాయస్థానమునకును ఈ ప్రశ్న తప్పలేదు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టములో "అడవి" అను మాటను నిఘంటువులోని అర్థముతోనే గ్రహింపవలెననియు, రికార్డులో అడవిగా నున్న భూమియు, యజమాని ఎవరైనను, అందులో చేరుననియు గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న చెప్పినది. ఎన్ని చెట్లున్న అడవి యగునో ఏ నిఘంటువు చెప్పును?

మరికొన్ని మాటలకు చట్టమే హద్దు గీయును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము, షెడ్యూల్డు తెగలకు చెందని కుటుంబము 2005 డిసెంబరు 13కు పూర్వము మూడు తరములుగా అడవిలో నివసించుచు, దానిపై ఆధారపడి యుండవలెను. "తరము" అనగా 25 ఏండ్లని చట్టమే నిర్వచించినది. అనగా మొత్తము 75 ఏండ్లు. 1935లో వచ్చి పోడు కొట్టుకొన్న తాత, అక్కడనే పుట్టిన తండ్రి, అక్కడనే పుట్టిన మనుమడు మన వాడుకలో మూడు తరములు. చట్టపు లెక్కలో 70 ఏండ్లు. ఇంకను అయిదు తక్కువ.