పసితనంలో గాయం.. పెద్దయ్యాక రోగం
బాల్యంలో హింస, నిర్లక్ష్యం ఫలితమే అనేక దీర్ఘకాలిక వ్యాధులు
సకాలంలో ఆదరిస్తే కోలుకునే అవకాశం

సికింద్రాబాద్: దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రమైన సికింద్రాబాద్ స్టేషన్‌కు ఇల్లు విడిచి వచ్చే బాలలు కొత్త కాదు. తండ్రి తాగివచ్చి కొట్టాడనో, ఇంట్లో పట్టించుకునేవారు లేకనో, బడిలో బెత్తం దెబ్బలకు వెరచో, పనిలో పెట్టుకున్న యజమాని వేధింపులు తాళలేకనో దొరికిన రైలెక్కేస్తుంటారు. ఇలా ఒంటరిగా కనిపించిన వారిని రైల్వే రక్షక దళం ‘నన్హే ఫరిష్తే’ కార్యక్రమం కింద కాపాడుతోంది. ఏటా జనవరిలో ‘ఆపరేషన్ స్మైల్’, జులైలో ‘ఆపరేషన్ ముస్కాన్’ పేరిట పోలీసులూ గాలింపు చేపడతారు. బిడ్డ తిరిగి ఇల్లు చేరితే సమస్య తీరిందని అందరూ భావిస్తారు. అయితే ఇంటి నుంచి తరిమిన కారణం అక్కడే ఉంటే, అది నలభై, యాభై ఏళ్ల వయసులో గుండెజబ్బుగానో, కుంగుబాటుగానో బయటపడవచ్చని వైద్యశాస్త్రం హెచ్చరిస్తోంది.

ఊబకాయంతో మొదలైన పరిశోధన
ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపిన పరిశోధన అమెరికాలోని శాన్‌డియాగోలో జరిగింది. 1980 దశకంలో అక్కడి కైజర్ పర్మనెంటె వైద్యసంస్థకు బరువు తగ్గేందుకు వచ్చినవారిలో కొందరు, సత్ఫలితాలు కనిపిస్తుండగానే చికిత్స మానేయసాగారు. డాక్టర్ విన్సెంట్ ఫెలిటి ఆరా తీయగా, వారిలో అనేకులు బాల్యంలో లైంగిక హింసకు గురైనట్లు తేలింది. అనంతరం ఆయన డాక్టర్ రాబర్ట్ ఆండాతో కలిసి 17 వేల మందికి పైగా పెద్దల బాల్యానుభవాలను సేకరించారు. తొలి ఫలితాలు 1998లో వెలువడ్డాయి. కొట్టడం, తిట్టి అవమానించడం, లైంగిక హింస, తల్లిని కొడుతుంటే చూడటం, ఇంట్లో తాగుబోతులు ఉండటం వంటి చేదు అనుభవాల్లో నాలుగు, అంతకుమించి రకాలు ఎదుర్కొన్నవారికి మద్యం, మత్తు వ్యసనాలు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు ఇతరుల కంటే 4 నుంచి 12 రెట్లు అధికమని వెల్లడైంది. గుండె, ఊపిరితిత్తులు, కాలేయ వ్యాధులు, క్యాన్సర్ సైతం వారిలో ఎక్కువగా కనిపించాయి.

దేహంలో జరిగేదిదీ..
ఆపద ఎదురైనప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఆపద తొలగగానే సర్దుకుంటాయి. ఆ ఆపద ఇంట్లోనే కాపురం ఉంటే పసిదేహానికి విశ్రాంతి దొరకదు. క్రమంగా రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పి, రక్తనాళాలు దెబ్బతినే పరిస్థితి ఏర్పడుతుంది. భయాన్ని పసిగట్టే మెదడు భాగం అతిచురుకుగా మారి, జ్ఞాపకశక్తికి, నిగ్రహానికి ఆధారమైన భాగాల ఎదుగుదల మందగిస్తుంది. చిన్న శబ్దానికే ఉలిక్కిపడే, పాఠంపై మనసు నిలపలేని ఆ బిడ్డకు పెద్దలు ‘మొండివాడు’ అని పేరు పెడతారు. మళ్లీ దెబ్బలు తప్పవు. యౌవనంలో ఆ బాధను మరిచేందుకు సిగరెట్టు, మద్యం తోడవుతాయి. వీధిబాలలకైతే వైట్‌నర్ వాసనే మత్తు.

నిర్లక్ష్యమూ హింసే
చేయిచేసుకోకపోతే చాలదు. రుమేనియాలోని బుకారెస్ట్ అనాథాశ్రమాల శిశువులపై 2000 సంవత్సరంలో మొదలైన అధ్యయనమే ఇందుకు నిదర్శనం. తిండి, బట్ట అందినా ఎత్తుకుని పలకరించేవారు లేక ఆ పిల్లల మెదడు ఎదుగుదల కుంటుపడింది. రెండేళ్లలోపే పెంపుడు కుటుంబాలకు చేరినవారు ఇతరుల కంటే మెరుగ్గా కోలుకున్నారు.

మన దేశంలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన నివేదిక సైతం ఆందోళన కలిగించింది. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది బాలలను ప్రశ్నించగా, ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్లు తేలింది. సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నారు. అత్యధికులు ఎవరికీ చెప్పుకోలేదు.

ఇదే తలరాత కాదు
పై లెక్కలన్నీ ముప్పును సూచిస్తాయే తప్ప ప్రతి బిడ్డ భవిష్యత్తునూ నిర్ణయించవు. నమ్మి చెప్పుకోగల పెద్దవారు ఒక్కరున్నా గాయం తీవ్రత తగ్గుతుంది. అది అమ్మమ్మ కావచ్చు, ఉపాధ్యాయుడు కావచ్చు, పొరుగింటి అత్త కావచ్చు. బిడ్డ చెప్పినప్పుడు ‘బయట అనకు, పరువు పోతుంది’ అని నోరు మూయించకుండా నమ్మడమే మొదటి చికిత్స. బాల్యంలో బాధలు పడిన పెద్దలు బీపీ, మధుమేహ పరీక్షలతోపాటు మానసిక వైద్యుల సలహా తీసుకోవడానికి సంకోచించనవసరం లేదు.

ఎవరికి చెప్పాలంటే..
పిల్లలకు ఆపద ఉన్నట్లు తెలిస్తే 1098 లేదా 112 నంబరుకు ఫోన్ చేయాలి. మానసిక వ్యథకు టెలిమానస్ 14416లో ఉచితంగా సలహా లభిస్తుంది. విద్యాహక్కు చట్టం-2009 ప్రకారం బడిలో పిల్లలను కొట్టడం నిషిద్ధం. సంరక్షకులే పిల్లలను హింసించినా, నిర్లక్ష్యం చేసినా బాలల న్యాయ చట్టం-2015 కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. లైంగిక దాడి సంగతి తెలిసీ దాచిపెట్టడం పోక్సో చట్టం-2012 ప్రకారం నేరం. ఇరుగుపొరుగు మౌనం వీడితే ఒక బిడ్డ బాల్యంతోపాటు రేపటి ఆరోగ్యమూ నిలబడుతుంది.