మీకు తెలుసా? కొయ్యలో కొలువైన పూర్వీకులు

కాటమరాజు గొల్లల వీరుడు, వాళ్ల వంశకథకు నాయకుడు. ఆయన కథ చెప్పే మందెచ్చులవాళ్లు పాటతో సరిపెట్టరు. దేవతలు, వీరులు, పశువులు ఉన్న యాభై దాకా కొయ్యబొమ్మలు వెంట తెచ్చి, కథలో ఎవరి వంతు వస్తే వాళ్ల బొమ్మను ముందుకు తెస్తారు. కథకు మూలం పుల్లరి తగవు. మేత పన్ను మీద కాటమరాజుకూ నెల్లూరు పాలకుడు నల్లసిద్ధికీ యుద్ధం జరుగుతుంది.

ఈ బొమ్మలు తెలంగాణలోని చేర్యాల నకాషీ కళాకారుల చేతిపని. తేలికైన పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కూ చెంపలూ తీరుస్తారు. ఆరాక సుద్ద పూత, దానిమీద రంగులు. పెద్ద పెద్ద కళ్లు దిద్దాకే బొమ్మకు జీవం. చింతగింజల జిగురు, రంపపు పొట్టుతోనే చేర్యాల ముఖాలూ (మాస్కులూ) తయారవుతాయి. ఇప్పుడు అవి ఎక్కువగా ఇళ్ల గోడలకు అలంకారం.

కొయ్యలో పూర్వీకులను చూసే ఇలాంటి ఆచారమే సముద్రాల అవతల పాపువా న్యూగినీలోనూ ఉంది. సెపిక్ నది ఒడ్డున ఉండే ఇయాత్ముల్ ప్రజలు పొడవాటి ముక్కున్న కొయ్య ముఖాలు చెక్కి, గవ్వలు పొదిగి, వాటిని తమ వంశాల పూర్వీకులుగా చూస్తారు. మానవశాస్త్రవేత్త గ్రెగరీ బేట్సన్ వీళ్ల మీద రాసిన ‘నావెన్’ పుస్తకం 1936లో వచ్చింది.

మళ్లీ తెలుగు నేలకు వస్తే, గోదావరి జిల్లాల్లో ముఖాల కన్నా గరగలదే పైచేయి. గరగ అంటే పాము పడగలతో అలంకరించిన పాత్ర; దాన్ని గ్రామదేవతగా భావించి, జాతరలో డప్పుల మోతకు తలమీద పెట్టుకుని ఆడతారు.