ఊరు చేరిన ఉత్తరం ఇల్లు చేరడం లేదు

అమలాపురం : హైదరాబాదు నుంచి వచ్చినా, కువైట్ నుంచి వచ్చినా ఉత్తరం అమలాపురం దాటి ఊళ్లోకి క్షేమంగానే వస్తుంది. పోస్టాఫీసు నుంచి ఇంటికి మధ్యనున్న రెండు ఫర్లాంగుల దూరంలోనే మాయమవుతుంది. కోనసీమ పల్లెల్లో తపాలా పోగొట్టుకున్నవారి గోడు చాలావరకు ఇదే. తాళం పగలగొట్టి ఎత్తుకుపోయే దొంగ ఇందులో ఉండడు. బడ్డీ కొట్టు బల్ల మీద, పాల కేంద్రం కిటికీలో, రామాలయం అరుగు మీద వదిలిపెట్టిన కవరు ఎవరి చేతుల్లోకి పోయిందో చెప్పేవారుండరు.

ఇందుకు కోనసీమ నైసర్గిక స్వరూపం కొంత కారణం. ఇక్కడ ఇళ్లు వరసన ఉండవు. కొబ్బరి తోటకొక ఇల్లు, కాలవ గట్టున నాలుగిళ్లు, పుంత చివర మరో రెండు. వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల నడుమ ఉన్న లంకల్లో కొన్నింటికి నేటికీ పడవ మీదే పోవాలి. బ్రాంచి పోస్టాఫీసుల్లో పనిచేసేది గ్రామీణ డాక్ సేవకులు. ఒకప్పుడు వీరిని ఇ.డి. సిబ్బంది అనేవారు. వీరి డ్యూటీ రోజుకు నాలుగైదు గంటలు. ఆ వేళలోనే సంచీ తెచ్చుకోవాలి, ఖాతాలు చూడాలి, శివారు పేటలన్నీ తిరగాలి. మధ్యలో కొట్టుకాడ ఊరివాడొకడు కనబడి 'ఇలా ఇవ్వండి, నేనటే పోతున్నాను' అంటే కవరు చేతులు మారుతుంది. ఇచ్చినవారికి, పుచ్చుకున్నవారికి అది సాయమే.

యోగక్షేమాల ఉత్తరాలు, పెళ్లి శుభలేఖలు వచ్చిన రోజుల్లో ఈ పద్ధతి వల్ల పెద్ద నష్టం లేదు. శుభలేఖ రెండు రోజులు ఆలస్యమైతే మాట పట్టింపు వచ్చేదేమో గాని ఇల్లు గుల్లయ్యేది కాదు. నేడు సంచీలో వస్తున్నది వేరు. ఎ.టి.ఎం. కార్డు, చెక్కు పుస్తకం, పాన్ కార్డు, ఆధార్ కార్డు, పాస్‌పోర్టు, మందులు, సెల్‌ఫోను పార్శిలు ఆ సంచీలోనే వస్తున్నాయి. సరుకు విలువ పెరిగింది, పంచే అలవాటు మాత్రం మారలేదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

పోయేది కాగితం కాదు

ఉద్యోగ పరీక్ష రాసిన కుర్రవాడికి ఇంటర్వ్యూ పిలుపు వస్తుంది. అది కొట్లో పాత పేపర్ల కింద పడి ఉంటే, తేదీ దాటాక బయటపడినా ప్రయోజనం లేదు. గల్ఫ్ ప్రయాణానికి సిద్ధమైన ఆడకూతురి పాస్‌పోర్టు గల్లంతైతే వీసా గడువు ఆమె కోసం ఆగదు. చెక్కు పుస్తకం పరుల పాలైతే సంతకం ఫోర్జరీ చేసే ప్రమాదం ఉంది. పాన్, ఆధార్ నకళ్లతో ఒకరి పేరు మీద వేరొకరు అప్పులు తీసుకున్న మోసాలు దేశమంతటా వెలుగులోకి వచ్చాయి.

అన్నిటికంటే తీవ్రమైనది నోటీసుల సంగతి. పెట్టుబడికి భార్య మెడలో గొలుసు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకునే కౌలు రైతులు ఈ ప్రాంతంలో ఊరూరా ఉన్నారు. గడువు మీరితే వేలం వేయబోయే ముందు బ్యాంకు నోటీసు పంపుతుంది. ఆ నోటీసు దారిలో ఎవరో సంతకం చేసి పుచ్చుకుని మరచిపోతే, వేలం జరిగాక గాని రైతుకు తెలియదు. 'నాకు నోటీసే అందలేదు' అంటే సరిపోదు. సరైన చిరునామా రాసి, చార్జీ చెల్లించి రిజిస్టరు పోస్టులో పంపిన నోటీసు, వేరే రుజువు చూపనంతవరకు, అందినట్టే లెక్క అని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెబుతున్నది. అందలేదని రుజువు చేసుకునే భారం పుచ్చుకోవలసిన వాడి మీదే పడుతుంది. చెల్లని చెక్కు కేసులోనూ అంతే. నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము కట్టకపోతే వ్యవహారం కోర్టుకెక్కుతుంది. ఒకరి కవరు తెరిచి చూసి పక్కన పడేసినవాడికి అది ఆకతాయితనం కావచ్చు. దాని ఖరీదు మరొకరి పుస్తెలతాడు.

ఒకే పేరు, ఒకే ఇంటిపేరు

ఉత్తరాలు తప్పుడు ఇంటికి పోవడానికి చిరునామా లోపం మరో కారణం. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న దేశంలో ప్రవేశపెట్టబడింది. ఆరంకెల్లో చివరి మూడు బట్వాడా పోస్టాఫీసును తెలుపుతాయి. అయితే బ్రాంచి పోస్టాఫీసుకు సొంత పిన్ కోడ్ ఉండదు. దానిపైనున్న సబ్ పోస్టాఫీసుదే దానికీ వర్తిస్తుంది. అంటే ఒకే పిన్ కోడ్ కింద పది ఊళ్లుండవచ్చు. పిన్ కోడ్ రాశాం కదా అని బ్రాంచి పోస్టాఫీసు పేరు వదిలేస్తే కవరు పొరుగూరు చూసి రావలసిందే.

ఊళ్లోకి వచ్చాక మరో తిప్పలు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మన ఆచారం. ఒకే ఇంటిపేరుతో ముగ్గురు సత్యనారాయణలు, నలుగురు వెంకటేశ్వరరావులు లేని ఊరు అరుదు. అందుచేత చిరునామాలో ఇంటిపేరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, డోరు నంబరు, పేట లేదా వీధి పేరు, బ్రాంచి పోస్టాఫీసు, మండలం, జిల్లా, పిన్ కోడ్, సెల్ నంబరు అన్నీ ఉండాలి. కోనసీమ 2022 ఏప్రిల్ 4న వేరు జిల్లా అయింది. ఇంకా తూర్పు గోదావరి అని ఉన్న పాత చిరునామాలను బ్యాంకులోను, పిల్లల దరఖాస్తుల్లోను దిద్దించుకోవడం మంచిది. ఊరు విడిచి పనులకు పోయేవారు తమ కవర్లు ఎవరికివ్వాలో పోస్టాఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి వెళ్లాలి. నోటిమాట మీద వదిలేస్తే రేపు అడగడానికి ఆధారం ఉండదు.

'రిజిస్టరు' ఇప్పుడు విడిగా లేదు

పల్లెల్లో పెద్దలు నేటికీ ముఖ్యమైన కాగితాన్ని 'రిజిస్టరు చేసి పంపు' అంటారు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేశారు. ఇక్కడొక తిరకాసు గమనించాలి. మామూలు స్పీడ్ పోస్టు చిరునామాకు చేరుతుంది. ఆ ఇంట్లో ఉన్నవారెవరైనా పుచ్చుకోవచ్చు. పేరున్న మనిషికే, లేదా ఆయన అధికారమిచ్చిన వారికే అందాలంటే స్పీడ్ పోస్టు మీద 'రిజిస్ట్రేషన్' అదనంగా కోరాలి. 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం దీనికి 5 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. అవుతుంది. ఫోనుకు వచ్చే ఓ.టి.పి. చెబితేనే కవరు ఇచ్చే పద్ధతికి కూడా అంతే రుసుము. అస్సలు పత్రాలు, దస్తావేజులు పంపేవారు ఈ కొద్ది సొమ్ముకు వెనకాడడం తెలివైన పని కాదు.

స్పీడ్ పోస్టు రశీదు మీద 13 అక్షరాల నంబరు ఉంటుంది. మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, నడుమ తొమ్మిదంకెలు, చివర 'ఐ ఎన్'. ఆ నంబరు పంపినవారి దగ్గర అడిగి రాసుకుంటే కవరు ఏ ఊరు దాటిందో సెల్‌ఫోనులో చూడవచ్చు. ఫలానా రోజు వస్తుందని తెలిసినవారు గుమ్మంలో ఉంటారు, లేదా పోస్టాఫీసుకే పోయి గుర్తింపు చూపి తెచ్చుకుంటారు. మధ్యలో మూడో చేతికి పని ఉండదు. మామూలు స్టాంపు కవరుకు ఈ సదుపాయం లేదు. అది పోతే ఎక్కడ పోయిందో పట్టుకోవడం కష్టం. కవర్లో నోట్లు పెట్టి పంపడం మాత్రం ఎన్నడూ తగదు.

పార్శిళ్ల పితలాటకం

ఆన్‌లైన్ సరుకులు తెచ్చే కుర్రాళ్లు లోపలి తోటల్లోకి రాలేక మెయిన్ రోడ్డు కొట్టు దగ్గరే పెట్టి పోవడం మామూలైంది. కంపెనీ లెక్కలో సరుకు 'అందినట్టు' నమోదైపోతుంది. చేతికి అందకుండా ఓ.టి.పి. చెప్పకూడదు. చెబితే అది సంతకంతో సమానం. అట్టపెట్టె అతుకులు చెదిరి ఉంటే పుచ్చుకోకుండా తిప్పి పంపాలి. ఖరీదైన వస్తువైతే పెట్టె విప్పుతున్నప్పుడు సెల్‌ఫోనులో వీడియో తీయించుకోవాలి. ఫోను బదులు సబ్బు బిళ్ల వచ్చిందని చెప్పడానికి అదే సాక్ష్యం.

సరుకు అందలేదని కంపెనీకి ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. అలా జరగకుంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల వరకు చెల్లించిన సరుకు విషయంలో ఫిర్యాదుకు ఫీజు లేదు.

మరో రకం దొంగలు ఊళ్లోకి రాకుండానే దోచుకుంటున్నారు. 'మీ పార్శిలు ఆగిపోయింది, చిరునామా సరిచేయండి' అంటూ తపాలా శాఖ పేర సెల్‌ఫోనుకు సందేశం పంపి, లింకు నొక్కించి ఖాతా ఖాళీ చేస్తున్నారు. అటువంటి లింకు నొక్కకూడదు. సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి. అలాగే ఇంట్లో ఎవరూ ఆర్డరివ్వని పార్శిలుకు పెద్దవాళ్లు డబ్బు కట్టి పుచ్చుకోకుండా ముందే చెప్పి ఉంచాలి.

పోయిందని తెలిస్తే

మొదటి పని, వెతుకుతూ రోజులు గడపకుండా బట్వాడా చేసే పోస్టాఫీసులో నంబరుతో అడగడం. 'అందింది' అని రాసి ఉంటే ఎవరు సంతకం చేశారో, ఏ తేదీన పుచ్చుకున్నారో చెప్పమని రాతపూర్వకంగా కోరాలి. సగం తగాదాలు ఆ సంతకం చూడగానే తేలిపోతాయి. అక్కడ తేలకుంటే తపాలా శాఖ ఉచిత ఫోను 1800 266 6868కు ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఆపైన అమలాపురం డివిజన్ తపాలా సూపరింటెండెంటుకు అర్జీ పెట్టుకోవచ్చు. శాఖ నిర్వహించే డాక్ అదాలత్‌లో కూడా ఇటువంటి ఫిర్యాదులు వింటారు.

ఈలోగా నష్టాన్ని ఆపాలి. ఎ.టి.ఎం. కార్డు పోతే బ్యాంకుకు చెప్పి నిలుపు చేయించాలి. చెక్కు పుస్తకమైతే ఆ నంబర్ల చెక్కులకు చెల్లింపు ఆపమని రాసివ్వాలి. పాస్‌పోర్టు పోతే పోలీసులకు, పాస్‌పోర్టు ఆఫీసుకు తెలియజేయాలి. తపాలా శాఖ పోయిన వస్తువు ఖరీదంతా ఇస్తుందని ఆశపడరాదు. నియమాల్లో చెప్పిన మేరకే శాఖకు బాధ్యత ఉంటుంది. విలువైన వస్తువు పంపేటప్పుడే ఇన్సూరెన్సు చేయించడం అందుకే అవసరం.

ఇక చట్టం సంగతి. 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో తపాలా దొంగిలించిన సిబ్బందికి ఏడేళ్ల జైలు శిక్ష ఉండేది. ఆ చట్టం రద్దయి, 2023 పోస్టాఫీసు చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్త చట్టంలో ఆ శిక్ష లేదు గనుక భయం లేదనుకుంటే పొరపాటే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. గుమ్మం ముందు పార్శిలు ఎత్తుకుపోతే 303వ సెక్షను కింద దొంగతనం, మూడేళ్ల వరకు శిక్ష. పొరపాటున తన చేతికొచ్చిన పరాయి సొత్తును దురుద్దేశంతో సొంతం చేసుకుంటే 314వ సెక్షను, ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు. నమ్మి అప్పగించిన సొత్తును ప్రభుత్వోద్యోగి కాజేస్తే 316వ సెక్షను కింద పదేళ్లు, లేదా యావజ్జీవం వరకు కూడా పడవచ్చు. పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో తీసుకోకుంటే జిల్లా ఎస్.పి.కి రాసి పంపుకొనే హక్కు ఫిర్యాదిదారుకు ఉంది.

ఊరు చేయవలసింది

కేసుల దాకా పోకుండా ఊళ్లో కట్టుబాటు పెట్టుకుంటే సగం బెడద తీరుతుంది. పుంత మొగలో, ఇంటి పేరు, డోరు నంబరు రాసి, తాళమున్న రేకు డబ్బా బిగించుకోవడానికి పెద్ద ఖర్చు కాదు. వానకు కవరు తడవదు, దారిన పోయేవాడి చేతికి అందదు. కొట్టువారు పార్శిళ్లు ఉంచుకోక తప్పకపోతే ఒక పుస్తకం పెట్టి, ఎవరిది, ఏ తేదీన వచ్చింది, ఎవరు తీసుకున్నారు రాసి సంతకం చేయించుకోవాలి. రేపు మాట వస్తే ఆ పుస్తకం కొట్టువారినే కాపాడుతుంది. తమది కాని కవరు చేతికొస్తే తెరవకుండా పోస్టాఫీసులో తిరిగి ఇచ్చేయాలి. ఈ సంగతి బడిలో పిల్లలకు కూడా చెప్పవలసి ఉంది.

గుర్తింపు అడిగి, సంతకం పెట్టించుకునే డాక్ సేవకుని మీద 'మమ్మల్నే నమ్మవా' అని కోపగించుకునే వారూ లేకపోలేదు. ఆయన అడుగుతున్నది అవతలివారి మేలుకే. అలాగే శివారు పేటలకు బట్వాడా వేళలు బోర్డు మీద రాసి ఉంచడం, తిరిగే దూరానికి తగ్గ సిబ్బందిని నియమించడం తపాలా అధికారుల బాధ్యత. పంచాయతీలు వీధులకు పేర్లు, ఇళ్లకు వరస నంబర్లు సరిగా రాయిస్తే కొత్తగా వచ్చిన డాక్ సేవకుడు కూడా కొట్టువాణ్ణి అడగకుండా నేరుగా గుమ్మం ముందు నిలబడగలడు.