చూపును గీతలలో చదువుట

కంటివైద్యుని గదిలో గోడకు అక్షరముల పట్టిక యొకటి వ్రేలాడుచుండును. పెద్దలు దానిని చదివి తమ చూపెంతయో చెప్పగలరు. కాని మూడు నెలల పసిబిడ్డ యేమి చెప్పగలదు? తల్లి ముఖమువంక బిడ్డ చూచుట లేదని ఇంటివారు దిగులుపడి వత్తురు. కన్ను వెలుపల చక్కగానే యుండును. లోపము నేత్రపటలమున నున్నదా, అచటినుండి మెదడునకు పోవు దారిలో నున్నదా? దీనిని తేల్చుటకు విద్యుత్ పరీక్షలు ముఖ్యసాధనములు. వాటిని చేయువారికి స్వల్పకాలిక శిక్షణ నేర్పాటు చేయవలసినచో దాని నెట్లు తీర్చవలెనో మాకు తోచినంతవరకు విన్నవింతుము.

కంటిలో విద్యుత్తు కలదను మాట నేటిది కాదు. 1865లో స్వీడను దేశీయుడైన హోల్మ్‌గ్రెన్, వెలుగు పడినపుడు కప్పకంటి విద్యుత్తు మారుట గమనించెను. 1877లో డేవార్ మనుష్యుని కంటియందును ఆ మార్పును నమోదు చేసెను. 1933లో గ్రానిట్ ఆ తరంగమును భాగములుగా విడదీసి చూపెను. ఆయనకు 1967లో నోబెల్ బహుమానము పంచియీయబడెను. ఈ చరిత్రకు అరగంట చాలును. మిగిలిన కాలమంతయు పనికే కేటాయింపవలెను.

నేర్పవలసిన పరీక్షలు ముఖ్యముగా మూడు. మొదటిది ఎలెక్ట్రోరెటినోగ్రాం. కంటిపై వెలుగు మెరపించినంతనే మొదట క్రిందికి దిగు తరంగము వెలుగును గ్రహించు కణములది. పిమ్మట పైకి లేచునది ముఖ్యముగా వాటి తరువాతి వరుస కణములది. రెండవది ఎలెక్ట్రోఆక్యులోగ్రాం, ఇది నేత్రపటలము వెనుకనున్న వర్ణకపు పొర స్థితిని తెలుపును. మూడవ పరీక్షలో రోగికి నలుపు తెలుపు గళ్లు తారుమారగుచుండగా చూపి, తలవెనుక నుంచిన ఎలెక్ట్రోడుతో మెదడు ప్రతిస్పందనను పట్టుదురు. పెద్దలలో ఇందలి ముఖ్యతరంగము సెకనులో పదవవంతునకు కనబడును. చూపునరము వాచినచో అది ఆలస్యమగును.

ఈ విద్యుత్తు వోల్టులో లక్షల వంతుల లెక్కలోనిది. కావున శిక్షణలో అధికభాగము ఓర్పును అలవరచుటయే. మసక వెలుగున పనిచేయు కణములను పరీక్షించుటకు రోగిని ఇరువది నిమిషములు చీకటిలో నుంచవలెను. నడుమ ఎవరైన తలుపు తీసినచో ఆ శ్రమ వ్యర్థము. రేచీకటితో మొదలై క్రమముగా చూపును హరించు వంశపారంపర్య వ్యాధులు పలుమారు మొదట బయటపడునది ఈ చీకటి పరీక్షలోనే. మేనరికములు గల మన ప్రాంతములలో ఈ సంగతి మరువరానిది.

ఒక్కొక్క యంత్రమునకు నలుగురికి మించి విద్యార్థులుండరాదు. ప్రతివాడును ఒకమారు పరీక్షకుడుగాను, ఒకమారు రోగిగాను కూర్చుండవలెను. కంటికి ఎలెక్ట్రోడు తగిలిన బాధ యెఱిగినవాడే పసిబిడ్డను లాలనతో పరీక్షింపగలడు. పిమ్మట ఉపాధ్యాయుడు కావలెననియే తప్పులు చేసి చూపవలెను: ఎలెక్ట్రోడును వదులు చేయుట, దగ్గర విద్యుద్దీపము వెలిగించి యాభై సైకిళ్ల అలజడిని గీతలోనికి రప్పించుట, రోగిని నిద్రమత్తులో నుంచుట. తప్పుడు గీతను కంటితో చూచినవాడు దానిని మరువడు.

కొలతలు ఎల్లెడల ఒకే తీరున నుండుటకు అంతర్జాతీయ సంఘము 1989లో ఎలెక్ట్రోరెటినోగ్రామునకు ప్రమాణములను ప్రకటించి, తరువాత వాటిని సవరించుచు వచ్చినది. వాటిని కంఠస్థము చేయించుట చాలదు. ప్రతి పరీక్షాశాలయు ఆరోగ్యవంతులను వయస్సుల వారీగా పరీక్షించి తన కొలతల పట్టికను తానే సిద్ధపరచుకొనవలెను. పసివారి తరంగములు సహజముగానే చిన్నవి; పెద్దల కొలతతో చూచినచో ఆరోగ్యముగల బిడ్డయు రోగిగా తోచును.

కడపట పరీక్ష యెట్లుండవలెను? మా అభిప్రాయమున, విద్యార్థి ముందు చదునైన గీత నొకదానిని ఉంచవలెను. నేత్రపటలము పనిచేయకున్నను గీత చదునుగా నుండును. తీగ యూడినను చదునుగానే యుండును. వెంటనే వ్యాధి పేరు చెప్పినవాడింకను నేర్వవలసియున్నది. తీగ సరిచూచి, “మరల తీయుదము” అన్నవాడు ఉత్తీర్ణుడు. ఆ గీతనుబట్టియే ఒక తల్లికి తన బిడ్డ చూపును గూర్చిన మాట చెప్పవలసియుండును గదా!